అటు పోతే మైనస్ ఎందుకవుతుంది సార్?

(జాతీయ గణిత దినోత్సవం నాడు నల్లగొండలో గణిత ఉపాధ్యాయుల సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ రోజు డిసెంబర్ 22. 1887లో ఇదే రోజున ఈరోడ్‌లో రామానుజన్ పుట్టాడు. ఏటా ఈ రోజున ఆయన గురించి మాట్లాడుకుంటాం, మాట్లాడుకోవాలి కూడా. కానీ నన్ను పిలవడానికి వచ్చినవాళ్లకు నేను ముందే ఒక మాట చెప్పాను. ఈసారి లెక్కల్లో ముందున్న పిల్లల గురించి మాట్లాడను, సార్ చూపు తన మీద పడకుంటే చాలని నోట్‌బుక్‌లో తల దూర్చుకొని వెనక బెంచీలో కూర్చునే పిల్లల గురించి మాట్లాడతానని. వాళ్లు సరే అన్నారు. అందుకు ముందుగా కృతజ్ఞతలు.

నా సర్వీసంతా ఈ జిల్లాలోనే గడిచింది. దేవరకొండ, చండూరు, హాలియా వైపు జిల్లా పరిషత్ బడుల్లో ముప్పై ఏండ్లకు పైగా లెక్కలు చెప్పాను. మా అమ్మ పుట్టిల్లు కల్వకుర్తి దగ్గర. కాబట్టి పాలమూరు పిల్లల కష్టం కూడా కొంత దగ్గరగా చూసినవాణ్ని. ఇవాళ చెప్పబోయేది చిన్న సంగతే. సామాన్య సమీకరణాలు. ఏడో తరగతిలో పూర్ణసంఖ్యలు, భిన్నాలు అయిపోగానే వచ్చే పాఠం. మనకు అది పావుగంట పని. కానీ ఎంతోమంది పిల్లలు లెక్కల మీద ఆశ వదులుకునేది సరిగ్గా అక్కడే.

ఇంకొక్క మాట. తెలియని సంఖ్యకు నేను ఇవాళ బోర్డు మీద ఎక్స్ రాయను. దాని బదులు 'య' అని రాస్తాను. ఎందుకో తర్వాత చెప్తాను.

ఒకరోజు ఎనిమిదో తరగతిలో 3య = 12 అని బోర్డు మీద రాసి, వెనక బెంచీలో ఉన్న ఒక పిల్లవాణ్ని లేపాను. మామూలుగా లేవని పిల్లవాడు. చాక్‌పీస్ చేతిలో పెట్టాను. కాసేపు బోర్డు వైపు చూశాడు. తర్వాత మెల్లగా, గుండ్రటి అంకెలతో ఇట్లా రాశాడు: య = 12 ÷ (−3) = −4.

నాకు చర్రున కోపం వచ్చింది. "ఈ మైనస్ ఎక్కడినుంచి వచ్చిందిరా?" అన్నాను. వాడు భయపడలేదు. ఆశ్చర్యపోయినట్టు నా మొహం చూసి, "అటు పోతె గుర్తు మారుతది అని మీరే చెప్పిన్రు గద సార్" అన్నాడు.

నిజమే, నేనే చెప్పాను. ప్లస్ అటు పోతే మైనస్ అవుతుంది, మైనస్ అటు పోతే ప్లస్ అవుతుంది, గుణకారం అటు పోతే భాగహారం అవుతుంది. ఈ పాట మనందరం పాడినదే. ఆ పిల్లవాడు మూడు ముక్కలనూ గుర్తుపెట్టుకున్నాడు. 3 ముందు ఏ గుర్తూ లేకుంటే ప్లస్ ఉన్నట్టే అని కూడా నేనే చెప్పాను, అదీ గుర్తుంది. 3 అటు పోయింది, గుణకారం భాగహారమైంది, ప్లస్ మైనస్ అయింది. నా మాటను ఆ తరగతిలో అందరికంటే శ్రద్ధగా పాటించినవాడు వాడే. వాడు రాసింది తప్పు అని నేను కొట్టేశాను.

మరుసటి రోజు అదే తరగతిలో అడిగాను, అటు పోతే మైనస్ ఎందుకవుతుంది అని. ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ముందు వరుసలో ఒక అమ్మాయి లేచి, నా ప్రశ్ననే నాకు తిప్పి ఇచ్చింది. "అవును సార్, అటు పోతె మైనస్ ఎందుకైతది?" ఎగతాళిగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. అప్పటికి నేను ఆ పాఠం పన్నెండు సార్లు చెప్పి ఉంటాను. ఒక్కసారి కూడా ఆ పిల్లలకు కారణం చెప్పలేదు. ఆ రోజు ఇంటికి పోయాక కూడా ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

జవాబు మీ అందరికీ తెలుసు. ఏదీ ఎటూ పోదు. య + 5 = 12 అని ఉంటే, రెండు వైపుల నుంచీ 5 తీసేస్తున్నాం. ఎడమవైపు 5 లేకుండా పోయింది, కుడివైపు 12 − 5 మిగిలింది. మధ్యలో ఉన్న ఆ ఒక్క వరుస రాయకుండా మొదటి వరుస, చివరి వరుస మాత్రమే చూస్తే, 5 గోడ దూకి గుర్తు మార్చుకున్నట్టు కనిపిస్తుంది. దానికి మనం పక్షాంతరం అని పేరు పెట్టుకున్నాం. తెలిసినవాడికి అది దగ్గరి దారి. తెలియని పిల్లవాడికి మాత్రం అది మంత్రం. మంత్రంలో ఒక అక్షరం తప్పితే ఏమవుతుందో వాడికి తెలియదు, సరిచూసుకునే దారీ ఉండదు.

ఆ తర్వాత నేను వెనక్కి పోయి వెతకడం మొదలుపెట్టాను. ఈ తప్పు ఎక్కడ మొదలవుతోంది? నాకు దొరికిన జవాబు కొంత విచిత్రంగా అనిపించింది. పిల్లలు తడబడేది తెలియని అక్షరం దగ్గర అనుకుంటాం. అంతకంటే ముందే, సమానం గుర్తు దగ్గరే తడబడుతున్నారు.

మీరు రేపు బడికి పోయి ఒక చిన్న లెక్క ఇచ్చి చూడండి. 8 + 4 = □ + 5. ఆ డబ్బాలో ఏం రాయాలి? మా ఏడో తరగతిలో ఇస్తే చాలామంది 12 అని రాశారు. కొందరు 17 అని రాశారు. 7 అని రాసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మన పిల్లలే ఇట్లా రాస్తున్నారని బాధపడ్డాను గానీ, తర్వాత తెలిసింది, అమెరికాలో పరిశోధకులు ఇదే లెక్క ఆరో తరగతి పిల్లలు 145 మందికి ఇస్తే, 145 మందీ 12 గానీ 17 గానీ రాశారట. 1999లో అచ్చయిన పరిశోధన అది. కాబట్టి ఇది పిల్లల తెలివికి సంబంధించింది కాదు. ఒకటో తరగతి నుంచి మనం వాళ్లకు 8 + 4 = అని రాసి ఖాళీ వదులుతాం. ఏండ్ల తరబడి అదే చూసిన పిల్లవాడికి సమానం గుర్తు అంటే 'ఇప్పుడు జవాబు రాయి' అనే ఆర్డర్. రెండు వైపులా ఒకే విలువ ఉంది అన్న అర్థం వాడికి ఎప్పుడూ అవసరం పడలేదు. మనం కూడా బోర్డు మీద 5 + 3 = 8 × 2 = 16 − 1 = 15 అని గొలుసులాగా రాసుకుంటూ పోతాం. 5 + 3 పదిహేనుకు సమానమా? తొందరలో నేను ఎన్నోసార్లు అట్లా రాశాను. దయచేసి రాయకండి. పెద్ద క్లాసులో ముదిరే జబ్బుకు అది విత్తనం.

ఈ గుర్తును పుట్టించింది రాబర్ట్ రికార్డ్ అనే వేల్స్ దేశపు వైద్యుడు, గణితవేత్త. 1557లో ఆయన రాసిన పుస్తకంలో మొదటిసారి కనిపిస్తుంది. ప్రతిసారీ 'సమానం' అని అక్షరాల్లో రాయడం విసుగనిపించి, ఒకే పొడవున్న రెండు సమాంతర గీతలు గీశాడు. అంతకన్నా సమానమైన రెండు వస్తువులు ఉండవు కాబట్టి అని కారణం కూడా చెప్పాడు. ఈ కథ చెప్పినప్పుడు పిల్లలు ఆ రెండు గీతలను మొదటిసారి చూస్తున్నట్టు చూస్తారు. అందుకే బీజగణితం మొదలుపెట్టే ముందు ఒక వారం నేను సమానం గుర్తుతోనే ఆడించేవాణ్ని. 6 + 3 = 3 + □. 10 = □ + 4. 7 = 7. ఇది రాస్తే పిల్లలు నవ్వుతారు, లెక్కేదీ చేయలేదు కదా సార్ అంటారు. 9 + 2 = 8 + 3, నిజమా అబద్ధమా? అక్షరం లేదు, భయం లేదు. ఈ వారం వృథా అని మా హెడ్మాస్టర్ ఒకాయన సిలబస్ గురించి టెన్షన్ పడ్డారు. నా అనుభవంలో ఆ వారం తర్వాత మూడు వారాలు మిగిల్చింది.

ఇప్పుడు మీకు ఒక అమ్మాయి సంగతి చెప్పాలి.

నవంబర్ నెల. ఈ ప్రాంతంలో నవంబర్ అంటే పత్తి ఏరే కాలం అని మీకు చెప్పనక్కర్లేదు. ఆ అమ్మాయి పది రోజులు బడికి రాలేదు. వచ్చిన రోజు చూస్తే, ఎండిన పత్తికాయల మొనలు గుచ్చుకొని వేళ్ల కొనలన్నీ గీరుకుపోయి ఉన్నాయి. బడి మానిపించి పంపినందుకు ఆ తల్లిదండ్రుల మీద కోపగించుకోవడం సులువు, వాళ్ల ఇంటి పరిస్థితి నాకు తెలుసు. ఊరికే పలకరించాను. రోజుకు ఎన్ని పైసలు వచ్చినయమ్మా అని. కిలోకు 8 రూపాయలు సార్, ఆటోకు 20 పోతయి, నిన్న నూటా ఎనభై తెచ్చిన అంది. నాకు ఏం తోచిందో, "అయితే ఎన్ని కిలోలు ఏరినట్టు?" అన్నాను. రెప్ప వేసేంతలో "ఇరవై అయిదు" అంది. ఎట్లా చెప్పినవ్ అన్నాను. "ఆటోకు ఇచ్చిన ఇరవై కలిపితె రెండొందలు. రెండొందలల్ల ఎనిమిదులు ఇరవై అయిదు గద సార్."

నేను ఏమీ అనకుండా బోర్డు దగ్గరికి పోయి 8య − 20 = 180 అని రాశాను. "ఇది చేస్తవా?" అన్నాను. ఆ అమ్మాయి మొహం వాడిపోయింది. తల దించుకొని, "అది నాకు రాదు సార్" అంది.

నా ఉద్యోగమంతటిలో నేను మరచిపోలేని మాటల్లో అదొకటి. అప్పుడే నోటితో చేసిన లెక్కను, బోర్డు మీద చూసి రాదంటోంది. అప్పుడు దగ్గరకు పిలిచి ఒక్కొక్క ముక్క మీద వేలు పెట్టి అడిగాను. ఈ 8 ఏంది? కిలోకు ఇచ్చేది సార్. ఈ య ఏంది? ఏరిన కిలోలు. 8య అంటే? మొత్తం కూలి. మైనస్ 20? ఆటో కిరాయి. మరి 180? ఇంటికి తెచ్చినవి. "మరి ముందు ఏం చేసినవ్?" 20 కలిపిన సార్. "అయితే రాయి." రాసింది. రెండు వైపులా 20 కలిపింది, రెండు వైపులా 8తో భాగించింది. చివర య = 25 రాసి వెనక్కి తిరిగి చూసిన చూపు ఇప్పటికీ నా కండ్ల ముందుంది.

ఇంత చెప్పింది ఎందుకంటే, వెనకబడిన పిల్లలకు తర్కం లేదని మనం అనుకుంటాం. తర్కం ఉంది. కూలి లెక్కలో ఉంది, చిట్టీల లెక్కలో ఉంది, ధాన్యం కాంటా దగ్గర బస్తాకు తరుగు తీస్తుంటే తండ్రి పక్కన నిలబడి వేసే లెక్కలో ఉంది. ఆ తర్కానికీ ఈ గీతలకూ మధ్య ఉన్న దారి మనం వేయలేదు. మనం చేసేదేమిటంటే, ముందు సమీకరణాలు యాభై చేయించి, పాఠం చివర రాత లెక్కలు పెట్టి, అవి కష్టం కాబట్టి బాగా చదివేవాళ్లకు వదిలేస్తాం. వెనకబడిన పిల్లలకు దాన్ని తిరగేయాలి. వాళ్లకు కథ ముందు రావాలి, ఆ కథను పొట్టిగా రాసుకోవడానికి గుర్తులు తర్వాత రావాలి.

ఆ అమ్మాయి చేసిన పనిలో ఇంకో పాఠం ఉంది. కూలి లెక్కలో ముందు గుణించారు, తర్వాత కిరాయి తీశారు. ఆమె విప్పేటప్పుడు ముందు కిరాయి కలిపింది, తర్వాత భాగించింది. చివర జరిగింది ముందు విప్పాలి. ఇది పిల్లలకు చెప్పడానికి నేను సద్దిమూట తెచ్చేవాణ్ని. రొట్టె మీద తొక్కు పెడతాం, గిన్నెలో పెట్టి మూత వేస్తాం, బట్ట చుట్టి ముడి వేస్తాం. తినేటప్పుడు ముందు ఏం విప్పుతాం? ముడి. రొట్టె ముందు తీయగలమా? 2య + 3 = 11లో చివర వేసిన ముడి ఏది? 3 కలపడం. ఇది ఒకసారి పట్టుకున్న పిల్లవాడు ముందు 2తో భాగించాలా, 3 తీసేయాలా అని తికమక పడడు.

ఇంకా జంకే పిల్లలకు చేత్తో మూసి చూపిస్తాను. బోర్డు మీద 2య మీద అరచేయి పెడితే మిగిలింది: ఏదో + 3 = 11. నా చేతి కింద ఎంత ఉందిరా? 8 సార్. చేయి తీస్తాను. 2య అంటే 8. ఇప్పుడు య ఒక్కదాని మీద వేలు పెడతాను. రెండు ఎన్నిసార్లు ఎనిమిది? 4. నియమం ఒక్కటి కూడా లేకుండా సమీకరణం అయిపోయింది. యత్న దోష పద్ధతి అని మన పుస్తకంలో ఉన్నదాన్ని కూడా తక్కువ చూడకండి. య స్థానంలో 1, 2, 3 అని వేసుకుంటూ పోయే పిల్లవాడు 'య అంటే ఒక సంఖ్య' అన్న అసలు సంగతిని చేతులతో తెలుసుకుంటున్నాడు.

కానీ చేయి మూయడం ఎంతదాకా పనిచేస్తుంది? 5య + 2 = 3య + 10 దగ్గర ఆగిపోతుంది. రెండు వైపులా తెలియనిదే ఉంటే దేన్ని మూస్తాం? ఎనిమిదో తరగతిలో ఏకచరరాశి రేఖీయ సమీకరణాల దగ్గర పిల్లలు ఒక్కసారిగా పడిపోయేది ఇక్కడే. అప్పటిదాకా మనసులో వెనక్కి లెక్కపెట్టుకుంటూ నెట్టుకొచ్చారు. ఇక్కడినుంచి రెండు వైపులా ఒకే పని చేయడం తప్ప వేరే దారి లేదు. తరాజు కావాల్సింది ఇప్పుడు.

బొమ్మ గీయడం కాదు, నిజం తరాజు చేయించండి. ఒక అడుగున్నర కర్ర, మధ్యలో దారం, రెండు చివర్లా రెండు అట్ట ప్లేట్లు. బరువులకు మొదట నేను చింతగింజలు వాడాను. అవి అన్నీ ఒకే బరువుండవు, లెక్క సరిగ్గా చేసినా తరాజు వంగుతుంది, పిల్లలు నమ్మరు. తర్వాత హార్డ్‌వేర్ షాపులో ఒకే సైజు నట్లు కొన్నాను. తెలియని సంఖ్య కోసం అగ్గిపెట్టెలు. ఒక్కో అగ్గిపెట్టెలో 4 నట్లు వేసి మూసి, ఎడమ ప్లేటులో రెండు పెట్టెలు, విడిగా 3 నట్లు పెట్టాలి. కుడి ప్లేటులో 11 నట్లు. ఒక జాగ్రత్త, పెట్టె అట్టకు కూడా బరువుంటుంది. అందుకని కుడివైపు రెండు ఖాళీ అగ్గిపెట్టెలు కూడా పెట్టాలి. ఇది మొదటిసారి నేను మరచిపోతే, ఎడమవైపు ఎందుకు వంగుతోందో కనిపెట్టి చెప్పింది పిల్లలే.

ఇప్పుడు పిల్లలను ఊరికే ఆడనివ్వండి. ఎడమవైపు 3 నట్లు తీస్తే కర్ర ఒరిగిపోతుంది. ఎవరూ చెప్పకుండానే ఒక చేయి వచ్చి కుడివైపు 3 తీస్తుంది. అట్లా తీసినప్పుడు ఆపి, ఎందుకు తీసినవ్ అని అడగండి. "మరి అటు తీసినం గద సార్, ఇటు తీయకపోతె ఎట్ల?" అంటారు. ఇరవై మంది ముందు ఆ మాట ఒక పిల్లవాడి నోట వచ్చిన తర్వాత మీరు పక్షాంతరం ఎప్పుడు చెప్పినా ఫర్వాలేదు. బోర్డు మీద మాత్రం కనీసం రెండు నెలలు ఆ మధ్య వరుసను రంగు చాక్‌తో రాయండి, ఎడమ చేతి వైపు −3, కుడి చేతి వైపు −3. పిల్లలు తామే "సార్, ఈ వరుస రాయకున్నా అయితది" అనేదాకా రాయండి.

ఈ పని వెయ్యేండ్లకు పైబడి పాతది. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ రాసిన పుస్తకం పేరులోని అల్ జబ్ర్ అన్న మాటనుంచే ఆల్జీబ్రా వచ్చింది. తగ్గినదాన్ని తిరిగి పూడ్చడం, తెగినదాన్ని అతకడం అని దాని అర్థం. 8య − 20లో తగ్గిన 20ని రెండు వైపులా కలిపి పూడ్చడం అన్నమాట. మా పత్తి ఏరే అమ్మాయి చేసింది అదే.

తరాజుకూ హద్దు ఉంది. య + 8 = 3ని ఏ తరాజూ చూపలేదు. ఇక్కడ చాలామంది టీచర్లు తరాజును బలవంతంగా లాగుతారు, పిల్లలు మరింత గందరగోళ పడతారు. ఇక్కడ కిరాణా దుకాణం ఖాతా పుస్తకానికి మారండి. క్రీస్తు శకం 628లో బ్రహ్మగుప్తుడు మైనస్ సంఖ్యలకు నియమాలు రాసినప్పుడు వాటిని రుణం అన్నాడు, ప్లస్ సంఖ్యలను ధనం అన్నాడు. మనం ఇప్పటికీ ధన సంఖ్య, రుణ సంఖ్య అంటున్నాం గానీ, ఆ మాటలో అప్పు ఉందని పిల్లలకు చెప్పడం లేదు. జేబులోకి 8 రూపాయలు వచ్చాక లెక్క చూస్తే 3 రూపాయలే నీవి. అయితే ముందు నీ దగ్గర ఏముంది? "అయిదు బాకీ ఉండె సార్." య = −5. ఖాతా తెలియని ఇల్లు మన పల్లెల్లో లేదు.

భిన్నాల గురించి ఎక్కువ చెప్పను. య/4 = 5 అంటే నలుగురు పంచుకుంటే తలా 5 వచ్చింది. ఆ వాక్యం చాలు, 20 అదే వస్తుంది.

ఇప్పుడు అక్షరం సంగతి. నల్లగొండ అంటే బత్తాయి, కాబట్టి నేనూ మొదట్లో 3బ అంటే మూడు బత్తాయిలు అని చెప్పేవాణ్ని. సజాతి పదాలు కలపడానికి బాగానే పనికొస్తుంది, 3బ + 2బ = 5బ. నష్టం తర్వాత తెలుస్తుంది. బ అంటే పండు అనుకున్న పిల్లవాడికి 3బ = 30 అని ఇస్తే, మూడు బత్తాయిలు ముప్పై ఎట్లా అవుతాయి అంటాడు. సరైన అనుమానమే. బ అనేది పండు కాదు, ఒక పండు ధర, అంటే ఒక సంఖ్య. ఈ తేడా మొదటి రోజే చెప్పాలి. ఎక్స్ అక్షరంతో ఇంకో చిక్కు కూడా ఉంది, పిల్లల రాతలో అది గుణకారం గుర్తులాగే ఉంటుంది. పైగా ఇప్పుడు 2022-23 నుంచి మన బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. వేరియబుల్ (చరరాశి) అన్న మాట, ఎక్స్ అన్న అక్షరం, సమానం అన్న భావం, మూడూ ఒకే రోజు నెత్తిన పడితే ఏ పిల్లవాడు తట్టుకుంటాడు? ముందు డబ్బా, తర్వాత తెలుగు అక్షరం, ఆ తర్వాత ఎక్స్. నేను 'య' రాస్తున్నది అందుకే. మన ప్రాచీన గణితంలో తెలియని రాశిని యావత్తావత్ అన్నారు, ఎంతైతే అంత అని అర్థం. పొట్టిగా 'యా' అని రాసేవాళ్లు. ఇంకా తెలియనివి ఉంటే కాలక, నీలక అని రంగుల పేర్లు. ఎంతైతే అంత! చరరాశికి ఇంతకంటే మంచి నిర్వచనం నాకు దొరకలేదు.

అన్నిటికంటే ముఖ్యమని నేననుకునేది ఒకటుంది. సరిచూడటం. పుస్తకంలో ప్రతి ఉదాహరణ కింద ఉంటుంది, మనం 'అది మీరు చేసుకోండి' అని తుడిచేస్తాం. వెనకబడిన పిల్లవాడు ప్రతి లెక్క తర్వాత తలెత్తి మన మొహం చూస్తాడు, గమనించారా? సార్ కనుబొమలు ముడిపడితే తప్పు, లేకుంటే ఒప్పు. సమీకరణం ఒక్కటే వాడికి ఆ అవసరం లేకుండా చేసే పాఠం. 5య + 2 = 3య + 10కి 4 వచ్చింది. వేసి చూడు. ఎడమవైపు 22, కుడివైపు 22. ఇక సార్‌ను అడగాల్సిన పని లేదు. నేను కొన్నాళ్లకు నోట్‌బుక్కుల్లో టిక్కులు పెట్టడం మానేశాను. సరిచూసిన వరుస ఉందా లేదా అని మాత్రమే చూసేవాణ్ని. మొదట్లో మీకు చెప్పిన ఆ −4 పిల్లవాడు కూడా, మూడు సార్లు మైనస్ నాలుగు ఎంతో వేసుకొని చూసి ఉంటే, −12 అని తానే పట్టుకునేవాడు. వాడికి ఆ అవకాశం నేను ఇవ్వలేదు.

లెక్కలు ఇచ్చేటప్పుడు ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. య + 3 = 7 అయ్యాక 3 + య = 7. తర్వాత 7 = య + 3. ఇది చూసి పిల్లలు "య ఇటు లేదు సార్, ఎట్ల చేయాలె?" అంటారు, అంటే సమానం గుర్తు ఇంకా వాళ్లకు ఒకే దిక్కుకు నడుస్తోందన్నమాట. తర్వాత య − 3 = 7. తర్వాత 2య = 14. ఇవి వచ్చాకే 2య + 3 = 11. అప్పుడప్పుడు పూర్తిగా చేసిన తప్పు లెక్క ఒకటి, ఎవరి పేరూ చెప్పకుండా, బోర్డు మీద రాసి ఎక్కడ జారిందో కనిపెట్టమనండి. తన తప్పు చెప్పలేని పిల్లవాడు ఇంకొకరి తప్పు హుషారుగా చెప్తాడు, చెప్తూ తనది దిద్దుకుంటాడు.

ఎక్కాలు రానివాడికి బీజగణితం ఏం చెప్తాం సార్ అని నన్ను ఎంతోమంది అడిగారు. ఆ మాటతో నేను ఏకీభవించను. ఎక్కాలు రావాలి, ప్రాథమిక స్థాయిలో తొలిమెట్టు వంటి సర్కారు కార్యక్రమాలు అందుకే వచ్చాయి. కానీ ఏడో తరగతికి వచ్చిన పిల్లవాణ్ని ఎక్కాల గేటు దగ్గర ఆపితే వాడు అక్కడే ఉండిపోతాడు. చిన్న సంఖ్యలు ఇవ్వండి. ఎక్కాల చార్టు గోడకు పెట్టి, చూసి చేయమనండి. ఎనిమిదులు ఎన్ని వేస్తే రెండొందలు అని వెతుక్కుంటుంటే ఎక్కం కూడా దానంతట అదే అంటుకుంటుంది.

ఇక ఈ ప్రాంతంలో ఉన్న అసలు ఇబ్బంది. పత్తి ఏరే రోజుల్లో సగం క్లాసు ఖాళీ. దసరా దాటాక పాలమూరు పల్లెల్లో తల్లిదండ్రులు ముంబై, పుణె వైపు వలస పోతారు. కొందరు పిల్లల్ని వెంట తీసుకుపోతారు, కొందరు ముసలమ్మ దగ్గర వదిలిపోతారు. వచ్చిన పిల్లలకు మనం 'ఈ పాఠం అయిపోయింది, పక్కవాడి నోట్సు చూసి రాసుకో' అంటాం. నోట్సులో గీతలుంటాయి గానీ తరాజు ఉండదు కదా. నేను చేసిన పని ఒక్కటే. తరాజును తరగతి మూలలో ఏడాదంతా ఉంచేవాణ్ని. ఎవరైనా చాలా రోజులకు బడికి వస్తే, అదివరకు నేర్చుకున్న పిల్లవాణ్ని, అందులోనూ కష్టపడి నేర్చుకున్నవాణ్ని, అతని పక్కన కూర్చోబెట్టేవాణ్ని. రోజుకు పదిహేను నిమిషాలు, ప్రార్థనకు ముందు. మా పత్తి ఏరే అమ్మాయి ఆ ఏడాది అట్లా నలుగురికి చెప్పింది. ఆమె చెప్పే పద్ధతి నాకంటే నయం. ప్రతి సమీకరణాన్నీ ముందు కూలి లెక్కగా మార్చి, తర్వాత చేయించేది.

చెప్పాల్సింది చాలా ఉంది గానీ, మాటలకంటే చేతులు పెట్టడం మేలు. వెనక బల్ల మీద ఆరు తరాజులు, నట్లు, అగ్గిపెట్టెలు పెట్టాను. ఖాళీ పెట్టెలు వేరే సంచిలో ఉన్నాయి. నలుగురు నలుగురుగా కూర్చోండి, 5య + 2 = 3య + 10 పెట్టి చూడండి. కిటికీ పక్కనున్న తరాజు కాస్త ఎడమకు ఒరుగుతుంది. దాని కుడి ప్లేటు కింద చిన్న కాగితం ముక్క అతికించి, ముందు ఖాళీ ప్లేట్లతో సరిచేసుకొని మొదలుపెట్టండి.